మూడో తట్ట దారం

చౌడేశ్వరి డాక్టరేటు పుస్తకంలో ఎనభై నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. పదిహేడో తరానికి చెందిన నూట ఎనభై పట్టుగూళ్ళలో నూట డెబ్బై ఏడింటిని తన మేనత్త పాపక్క ఉడకబెట్టి దారం తీసింది, మూడే మిగిలాయి అని దాని అర్థం. జన్యుశాస్త్రంలో పరిశోధన చేసినవాళ్ళెవరూ తమ పుస్తకంలో అలాంటి ముక్క రాసుకోరు. రాయొద్దని నేనే ఆమెతో గంటసేపు పోట్లాడాను. ఆవిడ వింటే కదా!

నా పేరు ఎస్తేరు. మాది గుంటూరు, మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. 1973లో పరిశోధనకని బెంగుళూరు వచ్చాను. నావి పండ్ల ఈగలు. సీసాల్లో ఈగల్ని పెంచి, ఎర్రకళ్ళవి ఎన్ని, తెల్లకళ్ళవి ఎన్ని అని లెక్కపెట్టుకోవడమే నా పని. పక్కగదిలో చౌడేశ్వరి పట్టుపురుగులు పెంచేది. పొట్టిగా, నూనె రాసి బిగించిన జడతో, ఎప్పుడూ చేతులకి మల్బరీ ఆకు పసరుతో ఉండేది. అందరితో కన్నడంలో మాట్లాడేది కాబట్టి కన్నడమ్మాయే అనుకున్నాను. ఒకరోజు తలుపు సందులోంచి వినిపించింది: "తినండప్పా! ఆకేసి ఎంతసేపాయ, సుమ్నే పడుకోని ఉండారేమి?"

ఊరికే పడుకున్నాయని పురుగుల్ని తిడుతోంది. "అది తెలుగేనా?" అని అడిగాను లోపలికి వెళ్ళి.

"మరి నువ్వు మాట్లాడేది తెలుగా?" అంది ఏమాత్రం తడుముకోకుండా. అలా స్నేహమైంది.

వాళ్ళది బెంగుళూరులోనే కాటన్‌పేట. నాలుగు తరాలుగా అక్కడే మగ్గం నేస్తున్న దేవాంగుల కుటుంబం. కొత్తవాళ్ళెవరైనా ఇంటికి వెళితే ముందు మగ్గం గుంట చుట్టూ తిరిగి, తర్వాత వంటింటికి, ఆ తర్వాతే మనుషుల దగ్గరికి చేరాలి. ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి పాపక్క. చౌడేశ్వరి నాన్నకి అక్క. చిన్నప్పుడే భర్త పోతే శిడ్లఘట్టలో ముప్పై ఏళ్ళు పట్టుగూళ్ళని వేణ్ణీళ్ళలో ఉడికించి దారం తీసింది. ఆ వేడికి ఆమె వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి, ముడతలు పడి అలాగే ఉండిపోయాయి. చౌడేశ్వరిని మెట్రిక్ తర్వాత చదువు మాన్పించి మగ్గం పక్కన కూర్చోబెట్టాలని ఆమె నాన్న అనుకున్నప్పుడు, పాపక్క శిడ్లఘట్ట నుంచి పెట్టె సర్దుకుని వచ్చేసింది. "ఈ ఇంట్లో ఒక్కర్తెన్నా నీళ్ళలో చేయి పెట్టకుండా బతకనీ" అందట. ఆ తర్వాత కాలేజీ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు.

నన్ను పాపక్క మొదటిసారి చూసినప్పుడు "రాప్పా, కూచో" అంది. ఆడపిల్లని పట్టుకుని అప్పా ఏమిటని నాకు చిరాకేసింది. వెళ్ళగా వెళ్ళగా, ఆ పిలుపు వినడానికే శనివారాలు కాటన్‌పేట బస్సెక్కేదాన్ని.

చౌడేశ్వరి చేస్తున్న పని చెప్పడానికి తేలిక. మన మైసూరు పురుగు ఎండకి తట్టుకుంటుంది గానీ దాని దారం పొట్టి. పైదేశం తెల్ల పురుగు దారం పొడుగు గానీ మన ఎండకి చచ్చిపోతుంది. రెండింటినీ కలిపి, పుట్టిన వాటిలో మంచివి ఏరి, వాటిని మళ్ళీ కలిపి, తరం వెనుక తరంగా ఎండకి ఓర్చే పొడుగు దారపు వంశాన్ని తయారుచేయాలి. ఒక్కో తరానికి యాభై రోజులు, కొన్నిసార్లు అరవై. చేయడం మాత్రం నరకం. ఆ పురుగు గుడ్లు పది రోజుల్లో పిల్లలైపోతాయి. దాచుకుని తీరికగా పెంచుదామంటే కుదరదు. ఒక్క తరం పోయిందంటే వంశం మొత్తం పోయినట్టే. అందుకని ఆమెకి పండగ లేదు, జ్వరం లేదు. తమ్ముడి పెళ్ళిలో తాళి కట్టగానే మండపంలోంచి లేచి ఆకు కోయడానికి వచ్చేసింది.

1977 మార్చిలో పక్కగదుల పురుగులకి ఏదో రోగం తగిలింది. అన్ని గదులూ ఖాళీ చేసి మందు నీళ్ళతో కడగాలన్నారు. అప్పటికి చౌడేశ్వరి పురుగులు పదిహేడో తరంలో గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. తట్టకి అరవై చొప్పున మూడు తట్టలు. మూడూ ఒకే తాతల సంతానం, కానీ వేరు వేరు తల్లులవి. గూట్లో ఉన్న పురుగుకి ఆకు అక్కర్లేదు, కదపకుండా ఉంచితే చాలు. "మా ఇంటికి తీసుకుపోతా" అంది. ఇద్దరం తట్టల్ని ఒళ్ళో పెట్టుకుని బి.టి.ఎస్. బస్సులో మెజెస్టిక్ బస్టాండు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. వంటింటి గోడ పక్కన అటక మీద పెట్టింది. "అత్తా, వీటిని ఎవరూ ముట్టుకోకూడదు" అంది. "ముట్టనులేప్పా" అంది పాపక్క.

ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పట్టుగూళ్ళలో బతికిన మనిషికి కొత్తగా చెప్పేదేముంది అనుకుంది. నేనూ అక్కడే ఉన్నాను. నాకూ తట్టలేదు.

గుడ్లు పెట్టే రెక్కలపురుగులు గూళ్ళలోంచి శుక్రవారం బయటికి వస్తాయని చౌడేశ్వరి లెక్క. ఆ లెక్క మా చల్లటి గదికి సరిపోతుంది గానీ పొద్దున్నించి పొయ్యి వెలిగే వంటింటి గోడకి కాదు. బుధవారం తెల్లవారి ఆమె గదులు కడగడానికి వచ్చేసిన కాసేపటికి, అటక మీద మొదటి తట్టలో మూడు గూళ్ళకి చిల్లు పడింది. మూడు రెక్కలపురుగులు తడి రెక్కలతో బయటికి వచ్చాయి. పాపక్క అది చూసింది.

పట్టు తీసేవాళ్ళకి అంతకన్నా అరిష్టం లేదు. గూడుకి చిల్లు పడితే దారం ముక్కలైపోతుంది, ఇక ఎందుకూ పనికిరాదు. పురుగు లోపల ఉండగానే గూడుని ఉడకబెట్టేయాలి. శిడ్లఘట్టలో అలా ఒక పూట ఆలస్యమైనందుకు ఆమె తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఇక్కడ చూస్తే మేనకోడలు నాలుగేళ్ళు కష్టపడి పెంచిన పట్టు ఒక్కొక్కటే చిల్లులు పడబోతోంది, ఆ పిల్ల ఇంట్లో లేదు, కబురు పంపడానికి మనిషి లేడు. పాపక్క ఇడ్లీలు వండే పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టింది. అటక మీంచి పాత రాట్నం దింపింది. సాయంత్రానికి నూట డెబ్బై ఏడు గూళ్ళు దారమైపోయాయి.

మేం ఇద్దరం ఆరింటికి ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నీ పట్టు కాపాడినా చూడప్పా! ఇంకొక్క దినం విడిచి ఉంటే అంతా పోతా ఉండె" అని మూడు దారపు కండెలు చౌడేశ్వరి చేతిలో పెట్టింది. ఏ తట్టది ఆ కండె విడిగా, పాత చీర గుడ్డలో మూటకట్టి, మొదటి మూటకి ఒక ముడి, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు వేసింది. చదువు రాని మనిషి గుర్తుపెట్టుకునే పద్ధతి అది.

చౌడేశ్వరి అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ మూటల్ని చూస్తూ నెమ్మదిగా అంది: "ముప్పై ఏండ్లలో చంపేది తప్ప ఇంకేమి నేర్చుకుంటివత్తా?"

పాపక్కకి ఏం జరిగిందో అర్థం కాలేదు గానీ మాట మాత్రం తగిలింది. వంటింట్లోకి వెళ్ళి ఒక బుట్ట చూపించింది. "బయటికొచ్చిన మూడు చిట్టెలూ దీని కింద ఉండాయి. వాటి గూడు ఎట్లాగూ చెడిపాయ, చంపి ఏమి చేస్తాము అని మూసి పెట్టినా." చిట్టెలంటే ఆమె మాటలో రెక్కలపురుగులే. మళ్ళీ తనలో తను అనుకుంటున్నట్టు అంది: "ఇన్ని ఏండ్లలో బతికున్న చిట్టెని చూసింది ఈ పొద్దే. గుడ్లు పెడతాదని వినింటిని గానీ చూడలేదు."

చౌడేశ్వరి బుట్ట ఎత్తింది. రెండు మగవి, ఒకటి ఆడది. ఆడది అప్పటికే కింద పరిచిన పాత వార్తాపత్రిక మీద గుడ్లు పెడుతోంది. ఆవగింజల కన్నా చిన్నవి, లేత పసుపు రంగువి, మర్నాటికి మూడు వందల ఎనభై దాకా లెక్కతేలాయి. ఆ కాగితాన్ని మడత పడకుండా ఛాతీకి ఆనించుకుని బస్సులో తీసుకొచ్చింది. నాలుగేళ్ళ పనిలో మిగిలింది ఆ ఒక్క తల్లి సంతానమే.

మా గైడు వెంకటరమణప్ప గారు మంచి మనిషి. విషయం విని తల పట్టుకున్నారు. ఒక్క తల్లి మీద నిలబడిన వంశం గట్టి ఆధారం కాదు, మళ్ళీ తరాలు పెంచి చూపించాలి, రెండేళ్ళు పడుతుంది అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పక్కగదుల్లో రోగం వచ్చింది కదమ్మా. మిగతావి రోగంతో పోయాయని రాసెయ్యి. ఎవరూ అడగరు" అన్నారు. నాకు అది మహా తెలివైన సలహాగా తోచింది. నేనైతే ఆ మధ్యాహ్నమే రాసేసేదాన్ని.

"రోగంతో పోయినాయంటే ఆ మూడూ రోగానికి ఓర్చినాయని అర్థం వస్తాది సార్. అది అబద్ధం. పొయ్యి వేడికి ముందుగా బయటికొచ్చినాయి, అంతే" అంది చౌడేశ్వరి.

అదీ ఎనభై నాలుగో పేజీ కథ. రెండేళ్ళు అన్నది దాదాపు మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ ఇంట్లో మేనత్తా మేనకోడలూ మాట్లాడుకున్నారు, అన్నం పెట్టుకున్నారు, నవ్వుకున్నారు కూడా. కానీ పాపక్క రాట్నాన్ని మళ్ళీ అటకెక్కించింది, మల్బరీ ఆకు వాసన వస్తే చాలు పక్కకి తప్పుకునేది. ఆ మాట వెనక్కి తీసుకోమని నేను చాలాసార్లు చెప్పాను. "ఎట్ల ఎత్తేది ఆ మాట?" అనేది చౌడేశ్వరి. పొగరనుకుని కోప్పడ్డాను. సిగ్గని తర్వాత తెలిసింది.

1980 జనవరిలో ఆఖరి మౌఖిక పరీక్ష. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పాపక్కని నేనే తీసుకెళ్ళాను. కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో చిన్న మూటతో వెనక బెంచీలో కూర్చుంది. మైసూరు వైపు నుంచి వచ్చిన పరీక్షకుడు పుస్తకం తిరగేసి సరిగ్గా ఆ పేజీ దగ్గర ఆగాడు. ఆ మూడు పురుగులూ మొదటి తట్టవే అని ఎలా చెప్పగలవు, నువ్వు లేవుగా అక్కడ, అన్నాడు.

"చూసినవాళ్ళు ఈడనే ఉండారు సార్, అడగండి" అంది చౌడేశ్వరి.

ఆయన నవ్వి, కన్నడంలో పాపక్కని అడిగాడు. పాపక్క లేచింది. ఆమె కన్నడం కూడా తెలుగంత ధారాళం. మూట విప్పి మూడు కండెలూ బల్ల మీద పెట్టింది. ఏ తట్టలో ఏ వైపున చిల్లు పడిందో, ఎంత పొద్దెక్కాక పడిందో చెప్పింది. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"నాకూ ఒక మాట తెలియాల స్వామీ" అంది. "మొదటి తట్ట దారం తీసేటప్పుడు ఇరవైసార్లు తెగె. రెండోది పదైదుసార్లు. మూడో తట్టది మొదలు పెట్టినప్పటి నుంచి ముగిసేదాకా ఒక్కసారీ తెగలేదు. ముప్పై ఏండ్లలో అట్లాంటి దారం నా చేతికి రాలేదు. ఎందుకు తెగలేదు?"

దారం పొడుగుని, గూడు బరువుని అందరూ కొలుస్తారు. తీసేటప్పుడు తెగుతుందా లేదా అన్నది మాలో ఎవరమూ చూడలేదు, ఎందుకంటే మాలో ఎవరమూ దారం తీయలేదు. పరీక్షకుడు మూడో కండెని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ తట్ట విత్తనం, గుడ్లు, ఏమైనా ఉన్నాయా?" అని చౌడేశ్వరిని అడిగాడు.

"లేదు సార్. ఒక్కటీ మిగల్లేదు."

నేను పాపక్క ముఖం చూశాను. మూడేళ్ళుగా తను మేనకోడలి చదువు పాడుచేశానని మాత్రమే అనుకుంటోంది. మూడో తట్ట విత్తనం కాలేజీలో ఎక్కడో ఉండే ఉంటుందని ఆమె నమ్మకం. తను చేసిందేమిటో ఆ గదిలో, అంతమంది ముందు తెలిసింది. నెమ్మదిగా కూర్చుంది. చౌడేశ్వరికి డాక్టరేటు వచ్చిందని చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, పాపక్క కూడా కొట్టింది, కానీ ఆమె కళ్ళు బల్ల మీది కండె మీదే ఉన్నాయి. నాకు ఆ రోజు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

డాక్టరేటు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాలేదు. రెండు ఇంటర్వ్యూల్లో ఎనభై నాలుగో పేజీ చదివి నవ్వారు. నేను ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పడానికి కుదురుకున్నాను. చౌడేశ్వరికి ఏడాది తర్వాత కాడుగోడి దగ్గర రైతులకి పట్టుగుడ్లు తయారుచేసి ఇచ్చే చిన్న కేంద్రంలో పని దొరికింది. రోజూ పొద్దున్నే బంగారపేట ప్యాసింజరు ఎక్కి, పొలాల మధ్య దిగి నడిచేది. డాక్టరేటు చేసి గుడ్లు కడగడమేంటని నేను ఎగతాళి చేస్తే, "నువ్వు బోర్డు మీద ఈగ బొమ్మ గీస్తా ఉండావు కదా, దానికంటే మేలే" అంది.

ఆ కేంద్రంలో ఒక మూల తన వంశాన్ని పెంచుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. ఆమె ఆలోచన ఇది. మూడో తట్ట పోయింది, కానీ మొదటి తట్టదీ అదే తాతల రక్తం. తాత ముక్కు కొడుకులకి రాకుండా మనవడికి వచ్చినట్టు, ఆ తెగని గుణం మొదటి తట్ట సంతానంలో ఎక్కడో దాక్కుని ఉండవచ్చు. సరైన జత కుదిరితే మళ్ళీ పైకి తేలవచ్చు. తేలకపోవచ్చు కూడా. తేలిందో లేదో తెలుసుకునే యంత్రం ఆ కేంద్రంలో లేదు. తెలుసుకోగల వేళ్ళు మాత్రం కాటన్‌పేటలో ఉన్నాయి.

1981లో ఒక ఆదివారం చౌడేశ్వరి ఒక సంచీ నిండా గూళ్ళు తెచ్చి పాపక్క ముందు పెట్టింది. "సగం విత్తనానికి పెట్టుకున్నా. ఈ సగం నీకు. ఉడకబెట్టు" అంది. పాపక్క ఆమె వంక అనుమానంగా చూసి, మూడుసార్లు అడిగి, అప్పుడు రాట్నం దింపింది. సాయంత్రానికి తీర్పు చెప్పింది. "ఇది కాదప్పా. పదెనిమిదిసార్లు తెగె."

అప్పట్నించి ఏడాదికి ఐదు పంటలు, ప్రతి పంటకీ అదే తంతు. పాపక్క మొహమాటం ఎరగదు. "కాదు." "ఇదీ కాదు." "పోయినసారిదే మేలు, దీన్ని పారేయి." కాస్త మెచ్చుకోవచ్చు కదా అని నేనంటే నన్ను కసిరింది. తెగిన చోటల్లా ముడి వేసి, ముళ్ళు లెక్కచెప్పేది. చౌడేశ్వరి రిజిస్టరులో రాసుకునేది. పద్దెనిమిది, పంతొమ్మిది, పదిహేను, పద్నాలుగు, మళ్ళీ పదహారు. నా ఆదివారాలు కూడా ఆ రాట్నం పక్కనే గడిచిపోయాయి.

1987 మొదలయ్యేసరికి పాపక్క కళ్ళకి పొర కమ్మింది. మనుషుల్ని గొంతుతోనే గుర్తుపట్టేది. దారం మాత్రం తీస్తూనే ఉంది, వేళ్ళకి కళ్ళతో పనిలేదంటూ. ఆ అక్టోబరులో ముప్పై రెండో పంట తెచ్చినప్పుడు మేం ఇద్దరం బజారుకి వెళ్ళి వచ్చాం. పాపక్క కండె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, పదేళ్ళ కిందట నిలబడిన చోటే. "ఇదేనప్పా. ఒక్కసారీ తెగలేదు" అంది.

చౌడేశ్వరి కండె అందుకుని గుమ్మం మీదే కూర్చుంది. నేను ఆనందం పట్టలేక పాపక్కని వాటేసుకున్నాను. ఆ సాయంత్రం ఆ ఇంట్లో పాయసం వండారు.

మర్నాడు ఆ కండెని మా కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది నేనే. దారం మందం కొలవమని చౌడేశ్వరి ఇచ్చింది. ఒక చోట ముడి కనిపించింది. పొరపాటనుకున్నాను. ఇంకాస్త జరిపితే ఇంకొకటి. కంటికి కాదు గదా గోటికి కూడా తగలనంత సన్నంగా, కొసలు కొరికేసి వేసిన ముళ్ళు. మొత్తం పదకొండు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ మంట ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. కళ్ళు కనబడని మనిషి, పొగలు కక్కే నీళ్ళ ముందు కూర్చుని, తెగిన కొసల్ని తడుముకుని, ఎవరికీ దొరక్కుండా పదకొండుసార్లు కలిపిన సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది.

చెప్పకుండా దాచేద్దామనే అనుకున్నాను. కానీ రోగంతో పోయాయని రాయని మనిషి దగ్గర నేనేం దాచను? చౌడేశ్వరి లెన్సులో చూసింది, తను కూడా ఒకసారి లెక్కపెట్టింది, రిజిస్టరులో ముప్పై రెండు ఎదురుగా పదకొండు అని రాసింది. ఇద్దరం కాటన్‌పేట వెళ్ళాం.

పాపక్క మా అడుగుల చప్పుడుకే తెలుసుకుంది. "ఎన్ని కనపడె?" అంది.

"పదకొండు, అత్తా."

"పదకొండా? నేను తొమ్మిదే అనుకుంటిని." నిజంగానే ఆశ్చర్యపోయింది. వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "కండ్లు పాయ, ఇంక చేయీ పోతా ఉండాది."

చౌడేశ్వరికి నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "ఎందుకు చేస్తివత్తా ఇట్ల?"

"నువ్వు ఎన్నాళ్ళు ఎతుకుతావప్పా? నేను చంపిన దాన్ని ఎతికి ఎతికి నీ తల నెరిసిపాయ. దొరికిందంటే నిలిపేస్తావని."

చౌడేశ్వరి ఆమె పక్కన కూర్చుని ఆ తెల్లటి వేళ్ళని పట్టుకుంది. "ఆ పొద్దు నేనొక మాట అంటిని."

"అంటివి. నేను మరవలేదు" అంది పాపక్క సూటిగా. "నిజమే కదా. అదే కదా నేను నేర్చింది."

"నిజం కాదత్తా. మూడింటిని బుట్ట కింద పెడితివి. నా చదువు, నా ఉద్యోగం, ఈ ముప్పై రెండు పంటలు, అంతా ఆ మూడే. అది ఆ పొద్దే చెప్పాల్సింది. పదేండ్లాయ, నాకు నోరు రాలేదు."

పాపక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "మళ్ళా పంట ఎప్పుడు?" అంది.

"డిసెంబరు మొదట్లో."

"బేగ తీసుకురా. ఈసారి తెగితే తెగెననే చెప్తా."